నాలుగు గడ్డలు, మూడు ఊళ్లు

పాతికేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నా కరీంనగర్ దాటి ఉత్తరానికి ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లవలసిన పని మాత్రం ఆరేళ్ల కిందటే పడింది. ఆరేళ్లూ వాయిదా వేసి, మొన్న ఫిబ్రవరిలో మూడు రోజులు వెళ్లొచ్చాను. చూసిన ఊళ్ల గురించి రాయాలని కూర్చుంటే, ముందు నా గురించి చెప్పక తప్పేలా లేదు.

నా పని డిస్కులతో. అప్పుడే పుడుతున్న నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి పలచటి దోసెలా పరుచుకుని తిరుగుతుంటాయి. మన పాలపుంత కూడా అలాంటి దోసే, కాకపోతే ఊహకు అందనంత పెద్దది. అవి ఎలా మారతాయో కూర్చుని చూడాలంటే ఒక మనిషి ఆయుష్షు చాలదు. అందుకని కంప్యూటర్లో లక్షల చుక్కలతో ఒక డిస్కు కట్టి, చుక్కలన్నిటికీ గురుత్వాకర్షణ నియమాలు చెప్పి వదిలేస్తాం. దాన్నే సిమ్యులేషన్ అంటారు. అది తిరుగుతుంది, వంపు చేతులు చాస్తుంది, ఒక్కోసారి విరిగి గడ్డకడుతుంది. ఆ గడ్డలే రేపటి గ్రహాలని మాకు ఆశ.

ఇందులో ఒక మోసం ఉంది. చుక్కలు తక్కువైతే, విరగకూడని డిస్కు కూడా విరిగిపోతుంది. అప్పుడు వచ్చే గడ్డలు ప్రకృతి చేసినవి కావు, మన లెక్కలోని బీదరికం చేసినవి.

ఆరేళ్ల కిందట ఒక సోమవారం మా బృందంలో పన్నెండు మంది ముందు నేను అలాంటి వీడియో చూపించాను. డిస్కులో నాలుగు గడ్డలు మెరుస్తున్నాయి. అందరూ తలలూపారు. చివరి కుర్చీలోంచి జమున లేచింది. కోరుట్ల పిల్ల, ఎమ్మెస్సీ చేసి మా దగ్గర చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

"మేడం, గా గడ్డలు నిజం గావేమో. చుక్కలు రెండింతలు చేసి నడిపిన, రెండే అచ్చినయి. ఎనిమిదింతలు చేసి నడిపిన, ఒక్కటి గూడ రాలే" అంది.

నేను నవ్వాను. "నడిపిన ఏమిటమ్మా, ఎడ్లబండా? ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో. నక్షత్రాల సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

గదంతా నవ్వింది. జమున కూర్చుంది. రెండు నెలల తర్వాత రాజీనామా పంపింది. నేను ఎందుకని అడగలేదు.

నాలుగు గడ్డల వ్యాసం ఒక పరిశోధన పత్రికలో అచ్చయింది. రెండేళ్లకు ఆ లెక్క మళ్లీ చేయవలసి వచ్చి చేస్తే, జమున చెప్పినట్టే ఒక్క గడ్డా రాలేదు. సవరణ రాసి పంపాను. అందులో ఆమె పేరు లేదు. పైగా తన తప్పు తానే పట్టుకున్న నిజాయితీపరురాలినని నాకు పేరొచ్చింది. దాని మీదే ఉపన్యాసాలకు పిలవడం మొదలుపెట్టారు. జగిత్యాల, సిరిసిల్ల కాలేజీల నుంచి పిలుపు వచ్చినప్పుడు అంశం కూడా వాళ్లే పెట్టారు: "శాస్త్రవేత్త తన తప్పును ఎలా కనుక్కుంది?" రెండింటి మధ్య ఒక రోజు ఖాళీ. మ్యాపులో చూస్తే జగిత్యాలకు పక్కనే కోరుట్ల. వస్తానని రాసేశాను.

జగిత్యాల దారి

బస్సులో నా పక్కన రాజవ్వ అనే పెద్దావిడ కూర్చుంది. హైదరాబాదులో మనవరాలి పురుడు చూసి బుగ్గారం పోతోందట. సిద్దిపేట దాటకముందే నా గురించి అన్నీ కనుక్కుంది. మా తెనాలి వైపు కొత్తవాళ్లను పేరడగడానికి కూడా కాస్త మొహమాటపడతాం. ఇక్కడ అడగకపోతేనే తప్పులా ఉంది.

"ఏం నౌకరి బిడ్డా?"

"నక్షత్రాలూ గ్రహాలూ ఎలా పుడతాయో చూస్తామమ్మా."

"ఏడ చూస్తరు, మిద్దె మీదికెల్లా?"

"కంప్యూటర్లో."

"అయితె నిజంగ పుట్టినయి గావు. ఉత్తుత్తియి."

"నిజమైనవాటి లాంటివే."

"లాంటియి" అని నవ్వి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. ఉడకబెట్టి, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టిన శనగలు. గుడాలంటారట. చేతిలో పోసి, "తిను, గివ్వి నిజమైనయే" అంది. ఆవిడకు నా సంగతేమీ తెలియదు. నేను గుడాలు నములుతూ కిటికీ వైపు తిరిగాను.

కరెంటు పోయిన హాలు

జగిత్యాలలో కాఫీ కోసం వెతికి ఓడిపోయాను. బస్టాండు ఎదురుగా హోటలాయన "కాఫీ ఉంటదమ్మా, గని మీరు చాయే తాగుండ్రి" అని నిజం చెప్పాడు. పది రూపాయలకు ఇచ్చిన ఆ చాయ్ చిక్కగా, అల్లం ఘాటుతో బాగుంది. టేబుల్ కింద తాళ్లతో బిగించిన పెద్ద అట్టపెట్టె పెట్టుకుని ఒకతను ఉల్లిగడ్డ సమోసాలు తింటున్నాడు. పెట్టె మీద అరబ్బీ అక్షరాలు. గల్ఫ్ నుంచి రెండేళ్లకు ఇంటికొస్తున్నాడట, ఇంకా ఇంటికి ఫోన్ చేయలేదట. "ముందుగాల సమోస తినాలె, గప్పుడే ఊరికచ్చినట్టు" అన్నాడు.

కాలేజీ హాల్లో రెండు వందల మంది దాకా పిల్లలున్నారు. నా పథకం ఇది: ముందు నాలుగు గడ్డల వీడియో చూపించి, తర్వాత సరైన వీడియో పెట్టి, మొదటిది తప్పని చెప్పడం. జమున పేరు చెప్పాలా వద్దా అన్నది అప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోలేదంటే, చెప్పకూడదనే.

మొదటి వీడియో నడిచింది. నల్లటి తెర మీద నారింజ రంగు డిస్కు తిరిగి, చేతులు చాచి, విరిగి నాలుగు గడ్డలయింది. హాలంతా చప్పట్లు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మసక వెలుతురులో ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడం, గా నాలుగింట్ల మన భూమసొంటిది ఏది?"

ఒక్కటీ కాదని చెప్పాలి. అవేవీ నిజం కావని చెప్పాలి. కానీ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "రెండోది కావచ్చు" అన్నాను.

ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. కరెంటు రాలేదు. సభ ముగిసిందన్నారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. భోజనంలో జొన్నరొట్టె, చుక్కకూర పప్పు పెట్టారు. పక్కన కూర్చున్న లెక్చరర్ శ్రీనివాస్, "గింత సాదాసీదగ ఎవరు చెప్పలే మేడం" అంటుంటే తల పైకెత్తలేకపోయాను. ఒక తప్పు కడుక్కోవడానికి బయల్దేరి, మొదటి ఊళ్లోనే అదే తప్పును ఇంకో రెండు వందల మందికి పంచిపెట్టాను.

కోరుట్లలో పసుపు

కోరుట్ల బస్సులో ఉండగానే కిటికీలోంచి ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది. మా వైపు దుగ్గిరాల పసుపును మించింది లేదని నమ్ముతూ పెరిగినదాన్ని. జమున వాళ్ల నాన్నకు ఆ మాట చెబితే, "మీ పసుపు మంచిదే గని మేడం, మా పసుపు రంగు జూసినంక మల్ల చెప్పుండ్రి" అని పెరట్లోకి తీసుకెళ్లాడు.

ఆయన పేరు లింబాద్రి. పాత దరఖాస్తులో ఉన్న నంబరుకు ముందు రోజు ఫోన్ చేస్తే, జమున పనిచేసిన చోటి మేడమని చెప్పగానే ఇంకేమీ అడగలేదు. బస్టాండుకే వచ్చి, బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. పద్నాలుగేళ్లు మస్కట్లో పనిచేసి, మూడేళ్ల కిందట వచ్చేసి, ఎకరన్నరలో పసుపు పెడుతున్నాడు. పెరడంతా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండుతున్నాయి. ఆయన భార్య గంగవ్వ వసారాలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, బొట్టు పెట్టి, మేం జాకెట్టు ముక్క అనే రైకబట్ట చేతిలో పెట్టింది.

"మా జమున ఎప్పుడు మీ ముచ్చటే చెప్తది. మీ దగ్గర్నే పని నేర్సుకున్న అంటది" అంది.

చూపించిన కుర్చీలో కూర్చుని, రైకబట్ట సంచిలో పెట్టుకున్నాను.

"జమున ఇక్కడ లేదా?" అన్నాను.

"సిరిసిల్లల ఉంటది మేడం, జూనియర్ కాలేజిల ఫిజిక్స్ చెప్తది" అన్నాడు లింబాద్రి. "రేపు మీరు మాట్లాడే కాడికి పిల్లలను తోల్కొని అస్తదట. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పేంత చనువు నేను ఉంచలేదు. నేను వస్తున్నానని ఆమెకు తెలుసన్నమాట.

అన్నం, కోడికూర, నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు పెట్టారు. మా ఇళ్లలో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇది నిప్పు తగలకుండానే అంత రుచి ఎలా తెచ్చుకుందో తెలియదు. రెండుసార్లు వడ్డించుకున్నాను. తింటున్నప్పుడు లింబాద్రి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"గిది మా బిడ్డ చేసింది మేడం. నేను మస్కట్ల ఉన్నప్పుడు పంపింది. క్యాంపుల అందరికి చూపెట్టిన."

చిన్న తెర మీద నారింజ రంగు డిస్కు తిరుగుతోంది. చేతులు చాస్తోంది, ముడుచుకుంటోంది, మళ్లీ చాస్తోంది. ఎక్కడా విరగడం లేదు. ఎనిమిదింతల చుక్కలతో జమున నడిపిన సిమ్యులేషన్ అది. ఆ సోమవారం నేను చూడనన్నది. రెండేళ్ల తర్వాత నా సొంతమని చెప్పుకున్నది కూడా అదే.

"దీంట్ల ఏం పుట్టది, ఊకె తిర్గుడే" అన్నాడాయన. "గని చూస్తుంటె మనసు నిమ్మళమైతది. అక్కడ పండేముందు రోజు చూస్తుంటి."

నేను బాగుందన్నాను.

బయల్దేరేటప్పుడు లింబాద్రి బండి తీయడానికి వెళ్లాడు. గంగవ్వ మళ్లీ చాట ముందు కూర్చుంది. ఆకులో పొగాకు పోసి చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మేడం, ఒక్క మాట అడుగుత. మీ దగ్గర మా బిడ్డ ఏమన్న తప్పు చేసిందా?"

"లేదమ్మా. ఎందుకలా అడిగారు?"

"నౌకరి ఇడిసిపెట్టే ముందుగాల ఫోన్ల ఏడ్సింది. ఏమాయెనే అంటె చెప్పలే. వాళ్ల బాపుకు తెల్వదు, నేను చెప్పలే."

అప్పుడు చెప్పి ఉండాలి. తప్పు నాదని రెండు మాటలు చాలు. నేను, "చాలా మంచి పిల్లమ్మా, తెలివైన పిల్ల" అన్నాను. ఆమె తలెత్తి నా ముఖం చూసింది. అడిగినదానికి అది జవాబు కాదని ఆమెకు తెలిసిపోయింది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి, పొట్లం కట్టిన పసుపు తెచ్చి నా సంచిలో పెట్టింది.

సిరిసిల్లలో ఒక మాట

రాత్రి కోరుట్ల లాడ్జిలో ఉండి, మర్నాడు రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి పొద్దున తొమ్మిదయింది. బస్సు దిగి రెండు వీధులు నడిస్తే చాలు, మగ్గాల మోత మొదలవుతుంది. కరెంటుతో నడిచే మగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడుకు అలవాటుపడి వీధిలో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు.

చాయ్ కొట్టు దగ్గర ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. చొక్కా నిండా నూలు పీచు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాగా అలసిపోయినట్టున్నారని పలకరించాను.

"రాత్రి డ్యూటి అమ్మా. ఎనిమిది సాంచాలు నడిపిన" అన్నాడు.

నడిపిన. అంతే. ఎంత సహజంగా అన్నాడు! యంత్రం ముందు నిలబడి, దాని చప్పుడు వింటూ, ఎక్కడ పోగు తెగుతుందోనని కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంకే మాట వాడతాడు? ఇంగ్లీషులో మేమూ సిమ్యులేషన్ను "రన్" చేశామనే అంటాం. ఆ మాట అంటే గౌరవం, ఇంటి మాటలో అంటే ఎడ్లబండి. అక్కడ నిలబడి చాయ్ చల్లారబెట్టుకున్నాను. ఇన్నాళ్లూ నా తప్పు లెక్కలో ఉందనుకున్నాను. లెక్క తప్పు ఎవరైనా చేస్తారు. ఒక మనిషి అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న మాటను పట్టుకుని ఆమె నోరు మూయించడం అందరూ చేయరు.

జమున

ఆమె ఒక యాభై మంది పిల్లలతో వచ్చింది. నేవీ బ్లూ చీర, చేతిలో హాజరు పుస్తకం. మనిషి కొంచెం ఒళ్లు చేసింది. దగ్గరకు వచ్చి నమస్తే పెట్టింది.

"మంచిగున్నరా మేడం? నిన్న మా ఇంటికి పోయిండ్రట. బాపు మస్తు సంబరపడ్డడు."

"బాగున్నాను జమునా" అన్నాను. ఇంకేదో అనేలోపు ఎవరో నన్ను వేదిక మీదికి పిలిచారు.

ఆ రోజు రెండు వీడియోలూ నడిచాయి. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండో వీడియోను మొదట చేసింది నేను కాదని, ఆ మనిషి ఈ హాల్లోనే ఉందని, పేరు జమున అని చెప్పాను. ఎడ్లబండి మాటతో సహా చెప్పాను. పిల్లలందరూ వెనక్కి తిరిగి వాళ్ల టీచర్ను చూశారు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే ఆమె చేత్తో వద్దని సైగ చేసింది.

ఆరేళ్ల బరువు దిగినట్టు అనిపించింది. ఎంతసేపు? వరండాలో ఆమె నా ఎదుట నిలబడేదాకా.

"మేడం, ఆ రోజు నన్ను అడగకుంటనే పన్నెండు మంది ముంగట అన్నరు. ఇయ్యాల గూడ అడగకుంటనే చెప్పిండ్రు."

ఆమె హాజరు పుస్తకం చంకలో పెట్టుకుంది.

"ఈ పిల్లలకు నేనంటె భయం, భక్తి. రేపటి సంది నన్ను చూసి పాపం అనుకుంటరు. మీకు నిమ్మళమైంది. నాకేమైంది?"

"క్షమించమని అడగడానికే వచ్చాను జమునా."

"గది మీ ఇష్టం. గని ముందుగాల జగిత్యాల సంగతి చెప్పుండ్రి" అంది. "ఆడ నా దోస్తు పనిచేస్తది. నాలుగు గడ్డలు చూపెట్టి, రెండోది భూమసొంటిదన్నరట గద."

ఉపన్యాసానికి ముందే ఆమెకు ఇదంతా తెలుసు. తెలిసీ పిల్లల్ని తీసుకొచ్చి, వెనక వరసలో కూర్చుని విన్నది.

"కరెంటు పోయింది" అన్నాను. పన్నెండేళ్ల పిల్ల చెప్పినట్టు చెప్పాను.

"నోట్ల కెల్లి మాట పోలే గద మేడం."

అక్కడే, ఆమె ముందే, లెక్చరర్ శ్రీనివాస్కు ఫోన్ చేశాను. ఆయన క్లాసులో ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టించి, నిన్నగాక మొన్న చూపించిన వీడియో తప్పని, నాలుగు గడ్డల్లో ఒక్కటీ నిజం కాదని, భూమి సంగతి నేను అబద్ధం చెప్పానని చెప్పాను. అవతల నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. "అయితె గ్రహాలు ఎట్ల పుడతయి మేడం మరి?"

నేను మొదలుపెట్టబోయి, ఫోన్ జమున వైపు చాచి, "నువ్వు చెబుతావా?" అని అడిగాను.

ఒక క్షణం ఆలోచించి తీసుకుంది. ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుని రాళ్లయి, రాళ్లు కలిసి కొండలై పెరిగే తీరు, బాగా చల్లటి బరువైన డిస్కులు నిజంగానే విరిగే సందర్భాలు, ఏది నిజమో ఏది లెక్క తప్పో తేల్చుకోవడానికి చుక్కలు పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ఎందుకు నడపాలో, పది నిమిషాలు చెప్పింది. "గట్ల నడిపిన ప్రతిసారి ఒక్కటే జవాబు అస్తెనే నమ్మాలె" అంది. నేను పాతికేళ్లుగా చెబుతున్న పాఠం అంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఫోన్ తిరిగిచ్చాక ఏం చేయమంటావని అడిగాను.

"మీ రీసెర్చి పేపర్ల నా పేరు పెట్టుండ్రి. తిట్లు వడ్డదాని తీరుగ గాదు, పని చేసినదాని తీరుగ. ఫైళ్లన్ని నా దగ్గరున్నయి, తేదీలతోని" అంది. క్షమించానని అనలేదు. తర్వాతి పీరియడ్ ఉందని పిల్లలను వరసలో నిలబెట్టి తీసుకెళ్లిపోయింది. పిల్లలు కొందరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆమె చూడలేదు.

ఇంటికి వచ్చాక

కోరుట్లకు ఫోన్ చేసి గంగవ్వతో మాట్లాడాను, ఆ రోజు చెప్పాల్సిన మాట చెప్పాను. ఆమె అంతా విని, "ఎర్కయింది తియ్యి" అని పెట్టేసింది.

జమున ఫైళ్లు పంపింది. పత్రికవాళ్లకు మళ్లీ రాశాను. గడ్డలు నిజం కావని మొదట తేల్చింది ఆమేనని, నా సవరణకు రెండేళ్ల ముందే తేల్చిందని, ఆమె పేరుతో అచ్చయింది. నన్ను నిజాయితీపరురాలని పిలిచినవాళ్లు కొందరు ఇప్పుడు పిలవడం మానేశారు. అది న్యాయమే.

ఆ సోమవారం గదిలో ఉన్న మిగతా అందరికీ ఉత్తరాలు రాశాను. నలుగురే జవాబిచ్చారు. ఇద్దరికి ఆ సంగతే గుర్తులేదట. ఒకతను ఇన్నాళ్లకు ఇదంతా ఎందుకన్నాడు. నాలుగో జవాబు ఇప్పుడు పుణెలో పనిచేస్తున్న అమ్మాయిది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది తనేనని, అప్పటి నుంచీ మనసులో ముల్లులా ఉందని, జమున నంబరు ఇస్తే తనే ఫోన్ చేసి మాట్లాడతానని రాసింది.

నంబరు నా ఫోన్లోనే ఉంది. జమునకు మెసేజ్ పెట్టి, ఇవ్వమంటావా అని అడిగాను. సాయంత్రం జవాబు వచ్చింది.

వద్దంది. ఇవ్వలేదు.